మా లాడ్జి స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చిన పుత్తూరు మేడమ్: డబ్బుకు తగ్గ పనేనా?

తిరుపతిలో లాడ్జీలు, చిన్న హోటళ్లు నడిపేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా లాడ్జి రైల్వే స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంది. నలభై రెండు గదులు, ఇరవై మందికి పైగా స్టాఫ్. మా మామగారు కట్టించారు, ఇప్పుడు రోజువారీ వ్యవహారమంతా నేను చూస్తున్నాను. ఈమధ్య మావాళ్లందరికీ ట్రైనింగ్ ఇప్పించాం. ఇచ్చినావిడ చెన్నైలో ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేసి, రిటైరయ్యాక సొంత ఊరు పుత్తూరు వైపు వచ్చేశారు. ఇచ్చిన డబ్బుకు తగ్గ పని జరిగిందా అంటే, జరిగింది. కొన్ని లోపాలున్నాయి, వాటి గురించి కూడా రాస్తాను.

ఆవిడ పేరు, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టడం లేదు. ఆవిడకు కంపెనీ లేదు, బోర్డు లేదు. ఒప్పుకున్న పనులే చేతినిండా ఉన్నాయి, ఇంకా చెప్పొద్దమ్మా అన్నారు. అయినా మీరు ఎవరిని పిలిచినా, వాళ్ల దగ్గర ఏం అడిగి చేయించుకోవాలో దీంట్లో తెలుస్తుంది.

లోగడ ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన కంపెనీతో ఇలాగే ట్రైనింగ్ పెట్టించాం. ఫంక్షన్ హాలు, ప్రొజెక్టరు, మైకు. మాట్లాడినాయన సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో పాజిటివ్ ఆటిట్యూడ్ గురించి చెప్పారు. మావాళ్లు చప్పట్లు కొట్టారు, భోజనాలు చేశారు. చివర్లో ఒక ఫారం పంచితే అందరూ ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టారు. మరుసటి రోజు గదుల్లోకి వెళ్లి చూస్తే ఏ గదీ మారలేదు. బాత్రూమ్ తుడిచిన గుడ్డతోనే అద్దం తుడుస్తున్నారు. నేను పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంబీఏ చేసేటప్పుడు కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ గురించి చదివాను. ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లలో చూడాలని ఆయన 1959లో చెప్పారు. వచ్చినవాళ్లకు నచ్చిందా, వాళ్లు ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో కనబడుతోందా, దానివల్ల సంస్థకు ఏం ఒరిగింది. ఆ కంపెనీ ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మిగతా మూడింటి ఊసే లేదు. డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టించుకున్నారు.

పుత్తూరు మేడమ్ వచ్చిన మొదటి రోజు ఎవరికీ ఏమీ నేర్పలేదు. ఒక నోట్‌బుక్ పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తూ ఉన్నారు. చెన్నై వైపు నుంచి రైళ్లు వచ్చే టైముకు కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. దుప్పట్లు, గలీబులు పెట్టే గదిలో ఏవి ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకున్నారు. రూమ్ బాయ్స్ వెంట మెట్లెక్కి, వాళ్లు గది చేసేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డారు. ఒక్కో గదికి ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు కిందికి దిగాల్సి వస్తోంది, దేనికోసం దిగుతున్నారు, ఇదంతా ఆ నోట్‌బుక్‌లో ఉంది. సాయంత్రం నాతో ఆవిడ అన్న మొదటి మాట, “మీ పిల్లలు సోమరులు కారమ్మా. బకెట్ ఒక అంతస్తులో, చీపురు ఒక అంతస్తులో ఉంటే వాళ్ల కాళ్లు అరిగిపోక ఏమవుతాయి” అని. అంతస్తుకొక సామాన్ల బీరువా ఏర్పాటు చేయమన్నారు. ట్రైనింగ్ మొదలుకాక ముందే సగం సమస్య అక్కడే తీరింది. ట్రైనింగ్ పేరుతో వచ్చేవాళ్లు సాధారణంగా పనివాళ్లనే సరిదిద్దాలని చూస్తారు. పని జరిగే చోటును ముందు చూసిన మనిషిని నేను ఈవిడనే చూశాను.

తర్వాత నేర్పడం. హాల్లో కూర్చోబెట్టడం లేదు. ఖాళీ అయిన గదిలోకి ముగ్గురినో నలుగురినో తీసుకెళ్తారు. ఈ పని ఎందుకు ఇలా చేయాలో రెండు మాటల్లో చెప్తారు. తను నెమ్మదిగా చేసి చూపిస్తారు. తర్వాత వాళ్లతో చేయిస్తారు, చేస్తూ ఏం చేస్తున్నారో పైకి చెప్పమంటారు. అది అయ్యాక తన పాటికి తను వెళ్లిపోయి, చెప్పకుండా మళ్లీ వచ్చి చూస్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో కొత్త పనివాళ్లకు త్వరగా పని నేర్పడానికి తయారుచేసిన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ పద్ధతి అచ్చంగా ఇదే. మనిషిని సిద్ధం చేయడం, పని చూపించడం, చేయించడం, తర్వాత వచ్చి గమనించడం. యుద్ధం అయ్యాక అది జపాన్ ఫ్యాక్టరీలకు కూడా వెళ్లింది. మేడమ్‌కు ఆ పేరు తెలియదు. చెన్నైలో తన పై సూపర్‌వైజర్ తనకు అలా నేర్పారట, అంతే.

హౌస్‌కీపింగ్‌లో నాకు బాగా నచ్చినవి కొన్ని చెప్తాను. గుడ్డలకు రంగులు పెట్టారు. టాయిలెట్‌కు ఎరుపు, వాష్‌బేసిన్‌కు పసుపు, గదిలో బల్లలు, టీవీ వగైరాకు నీలం. చదవడం రానివాళ్లు మా దగ్గర ఉన్నారు, రంగు అందరికీ తెలుస్తుంది. ఎర్ర గుడ్డ బాత్రూమ్ గడప దాటి బయటికి రాకూడదు అన్నది ఒక్కటే రూలు. గది తుడిచేటప్పుడు పైనుంచి కిందికి రావాలి, లోపలి మూల నుంచి తలుపు వైపుకు రావాలి. వినడానికి చిన్న విషయం, కానీ ఫ్యాన్ చివర్లో తుడిచి ఆ దుమ్మంతా కొత్త దుప్పటి మీద పడేయడం ఎన్ని లాడ్జీల్లో జరగడం లేదు?

అన్నిటికన్నా ముఖ్యమైంది కెమికల్స్ పాఠం. బాత్రూమ్ తెల్లగా రావాలని చాలామంది యాసిడ్ టైపు టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ రెండూ కలిపి పోస్తారు. మావాళ్లూ పోసేవారు. అవి కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో తలుపు వేసుకుని రుద్దే మనిషికి అది ఊపిరితిత్తుల మీద నేరుగా దెబ్బ. కళ్లు మండటం, దగ్గు ఆగకపోవడం మా స్టాఫ్‌లో ఇద్దరికి మామూలైపోయింది, ఘాటు అంటే అంతేలే అనుకుంటున్నారు. మేడమ్ ఆ రోజే రెండు డబ్బాలనూ వేర్వేరు అరల్లో పెట్టించారు. సీసాల మీద లేబుళ్లు ఇంగ్లీషు, హిందీలో ఉంటాయి కాబట్టి తెలుగులో పెద్ద అక్షరాలతో, బొమ్మలతో స్టిక్కర్లు అతికించారు. ఒకటి వాడితే నీళ్లతో బాగా కడిగేదాకా రెండోది ముట్టకూడదు. డిసిన్ఫెక్టెంట్, అంటే క్రిములను చంపే మందు, వేసిన వెంటనే తుడిచేయకూడదు, డబ్బా మీద రాసినన్ని నిమిషాలు అలాగే ఉంచాలి. పనిచేసేవాళ్ల ప్రాణానికి సంబంధించిన ఈ విషయాన్ని అంతకుముందు వచ్చిన కంపెనీ ఒక్క ముక్క కూడా ఎత్తలేదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక చందనం. తిరుపతిలో లాడ్జి నడిపేవాళ్లందరికీ ఇది తెలిసిన తలనొప్పే. కొండ మీద గుండు చేయించుకుని తలకు చందనం పూసుకుని దిగొస్తారు, అలసిపోయి అలాగే దిండు మీద వాలిపోతారు. వాళ్లను ఏమంటాం, మొక్కు తీర్చుకుని వచ్చిన మనుషులు. కానీ గలీబులు పాడైపోతాయి. కొన్ని పేస్టుల్లో పసుపు కూడా కలిసి ఉంటుంది, అది ఒకపట్టాన పోదు. స్టార్ హోటళ్లలో ఈ సమస్య రాదు కాబట్టి మేడమ్‌కు దీని గురించి పెద్దగా తెలియదు. తెలియదని ఆవిడే చెప్పి, “మీలో ఎవరికి తెలుసు?” అని అడిగారు. మా దగ్గర బట్టలు ఉతికే పెద్దావిడ ముందుకొచ్చింది. తడపకముందే ఎండిన చందనాన్ని బ్రష్‌తో రాల్చేయాలి, ముందు సబ్బు పెడితే పసుపు మరక ఎర్రగా తిరుగుతుంది, కాబట్టి తొలుత చల్లటి నీళ్లలో జాడించాలి, ఉతికాక నీడలో కాదు, మంచి ఎండలో ఆరేయాలి, ఎండకు పసుపు వెలిసిపోతుంది అని వివరంగా చెప్పింది. ఆ క్లాసు మొత్తం ఆమెతోనే చెప్పించారు మేడమ్. ఇన్నేళ్లుగా ఆమె వెనక పెరట్లో ఈ పని చేస్తోంది, ఆమె దగ్గర ఇంత విషయం ఉందని కొత్తగా చేరిన పిల్లలకు తెలియదు. ఆ రోజు నుంచి వాళ్లు గలీబులు విడిగా తీసి, చందనం అంటినవి ఒక గంపలో వేసి ఆమెకు ఇస్తున్నారు. గలీబులు మూలన పడేయడం బాగా తగ్గింది. గదిలో రెండు పాత టవళ్లు విడిగా పెట్టి, ‘తలకు చందనం ఉంటే దిండు మీద ఇది పరుచుకోండి’ అని తెలుగు, తమిళం, కన్నడ, హిందీల్లో రాసిపెట్టాలన్న ఆలోచన కూడా ఆమెదే.

ఇలా ముందే పని వచ్చినవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ పథకాల్లో ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ‘రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్’ అని ఒక భాగం. బడికి వెళ్లకుండా అనుభవంతో నేర్చుకున్నవాళ్లను పరీక్షించి, పని వచ్చని రాసిస్తారు. లాడ్జి స్టాఫ్‌కు ఇలాంటి కాగితం ఎంత విలువైందో చెప్పలేను. వాళ్లలో చాలామందికి ఆధార్ కార్డు తప్ప తమ పేరు అచ్చులో ఉన్న కాగితం ఇంకోటి ఉండదు.

కౌంటర్ వాళ్ల ట్రైనింగ్ సగం బాగుంది. తమిళంలో, కన్నడలో, హిందీలో పదిహేను ఇరవై వాక్యాలు నేర్పించారు: గది ఎన్ని గంటల వరకు, వేడి నీళ్లు ఎప్పుడు వస్తాయి, లగేజీ ఎక్కడ పెట్టుకోవచ్చు, అలిపిరికి బస్సు ఎక్కడ దొరుకుతుంది. మేడమ్‌కు తమిళం వచ్చు కాబట్టి ఉచ్చారణ సరిగ్గా పట్టించారు. గొడవ పెట్టుకునే కస్టమర్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడాలి, మధ్యలో అడ్డు రాకుండా వినాలి, ‘చూస్తాం సార్’ అనకుండా ఫలానా టైముకు పని అవుతుందని చెప్పి ఆ టైముకు చేసి చూపించాలి. దీన్ని వాళ్లతో నాటకంలా వేయించారు. ఒకరు రాత్రంతా ప్రయాణం చేసి పసిబిడ్డతో వచ్చిన తల్లి, ఒకరు క్లర్కు. మా కౌంటర్ అబ్బాయి ఆ తల్లి పాత్ర వేశాక మారిపోయాడు. ఇప్పుడు పిల్లలతో వచ్చినవాళ్లకు ముందు కుర్చీ చూపించి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే రిజిస్టర్ తెరుస్తున్నాడు.

దర్శనం టికెట్ల విషయంలో ఆవిడ చాలా గట్టిగా చెప్పారు. టికెట్లు ఇప్పిస్తామని కౌంటర్‌లో ఎవరూ, ఎవరికీ, ఎప్పుడూ అనకూడదు. విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్ లాంటి చోట్ల సర్వదర్శనం టోకెన్ల పరిస్థితి ఆ రోజు ఎలా ఉందో పొద్దున్నే కనుక్కుని బోర్డు మీద రాయాలి, టీటీడీ వెబ్‌సైట్ చూడమనాలి, అంతే. బ్రోకర్ల చేతిలో మోసపోయి ఏడ్చే కుటుంబాలను చూస్తూ పెరిగాను నేను. ఈ ఒక్క రూలు కోసమైనా ఆవిడకు చేతులెత్తి దండం పెడతాను. కౌంటర్ ట్రైనింగ్‌లో రాకుండా పోయినవి కంప్యూటర్ విషయాలు. ఆన్‌లైన్ బుకింగ్‌లు సరిచూసుకోవడం, విదేశీయులు దిగితే వాళ్ల వివరాలు 24 గంటల్లో ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపడం, ఇవి ఆవిడ ముట్టుకోలేదు. అది తన పని కాదని ముందే చెప్పారు కూడా. దానికి వేరే మనిషిని చూసుకోవాలి.

ఆడవాళ్లతో విడిగా ఒక పూట కూర్చున్నారు. పని చేసేచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసేచోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళ అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి. సిబ్బందికి దీని మీద అవగాహన కల్పించడం యజమాని బాధ్యత అని కూడా అందులోనే ఉంది. గది శుభ్రం చేయడానికి ఒంటరిగా వెళ్లే ఆడమనిషికి ఇది కాగితం మీది విషయం కాదు. మేడమ్ వాళ్లకు చెప్పినవి ఇవి: గదిలో మగవాళ్లు ఉంటే లోపలికి వెళ్లక్కర్లేదు, వాళ్లు బయటికి వచ్చాకే శుభ్రం చేయాలి, తలుపు బార్లా తెరిచి స్టాపర్ పెట్టాలి, ఇబ్బంది అనిపిస్తే పని మధ్యలో వదిలేసి కిందికి వచ్చేయొచ్చు, దానికి ఎవరూ తిట్టరు. ఈ చివరి మాట నన్ను కూడా పిలిచి నా నోటితో చెప్పించారు. యజమాని చెప్తే వాళ్లకు ధైర్యం వస్తుందన్నారు. నిజంగానే ఆ పూట తర్వాత ఒకామె, అంతవరకు ఎవరికీ చెప్పని విషయం నాకు వచ్చి చెప్పింది.

ఇక లోపాలు. ఫస్ట్ ఎయిడ్ పాఠం సరిగ్గా జరగలేదు. అలిపిరి మెట్లు 3550. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు కూడా మొక్కు అని నడిచేస్తారు, దిగొచ్చి మా గదుల్లో పడుకుంటారు. కాబట్టి మాకు ఈ పాఠం చాలా అవసరం. గుండె ఆగి కుప్పకూలినవాళ్లకు చేసే సీపీఆర్‌లో ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కాలని, అంతకుముందే 108కి ఫోన్ చేయించాలని ఆవిడ నోటితో చెప్పారు. బొమ్మ మీద చేయించి చూపించకుండా సీపీఆర్ చెప్పడం వల్ల పెద్దగా లాభం లేదు. చేతుల్లోకి ఆ లోతు రావాలంటే బొమ్మ ఉండాల్సిందే. దీనికి ఆసుపత్రి అనుభవం ఉన్నవాళ్లను పిలవడం మేలని ఆవిడతోనే అన్నాను, ఒప్పుకున్నారు.

భాష ఇంకో చిక్కు. మా దగ్గర ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. మేడమ్ హిందీ అంతంతమాత్రం, వాళ్ల హిందీ కూడా అంతే. వాళ్లలో తెలుగు వచ్చిన ఒకతను మిగతావాళ్లకు చెప్పాడు కానీ, సగం విషయం దారిలోనే పోయింది. చేసి చూపించిన పనులు వాళ్లకు బాగానే వచ్చాయి. మాటతో చెప్పాల్సినవి, ముఖ్యంగా కౌంటర్ నియమాలు, అందలేదు. నైట్ షిఫ్ట్ వాళ్ల సంగతీ ఇంతే. రాత్రి పనిచేసి పొద్దున నిద్ర కళ్లతో కూర్చుంటే ఎవరికి ఏం ఎక్కుతుంది? మీరు పిలిస్తే రాత్రివాళ్లకు రాత్రే పెట్టమని ముందే మాట్లాడుకోండి.

ఫీజు మొత్తం పద్దెనిమిది వేలు తీసుకున్నారు. సగం మొదట్లో, మిగతా సగం నెల తర్వాత మళ్లీ వచ్చి చూశాక. ఈ ఏర్పాటు ఆవిడే అడిగారు, నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించింది ఇదే. నెల తర్వాత అన్నట్టే వచ్చారు, ఎవరికీ చెప్పకుండా పొద్దున ఏడింటికే. గుడ్డల రంగులు, డబ్బాల అరలు, పరుపు కుట్ల దగ్గర నల్లుల కోసం చూస్తున్నారా లేదా, అన్నీ చూశారు. రెండో అంతస్తులో ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ ఒకే బకెట్‌లో కనిపిస్తే ఆ కుర్రాడిని తిట్టలేదు. ఎందుకలా అయిందని అడిగారు. బకెట్ ఒకటి పగిలిపోయిందట, కొత్తది రాలేదట. నా వైపు చూశారు. మధ్యాహ్నానికల్లా బకెట్ తెప్పించాను.

ఆవిడ రెండు షరతులు పెడతారు, వాటికి ఒప్పుకుంటేనే వస్తారు. ట్రైనింగ్ టైము డ్యూటీ కింద లెక్కవేసి జీతం ఇవ్వాలి. బాగా నేర్చుకున్నవాళ్లకు ఎంతో కొంత జీతం పెంచాలి. మా మామగారు రెండోదానికి కాస్త వెనకాడారు. నేర్పించి, జీతం పెంచి, తర్వాత వాళ్లు ఇంకో హోటల్‌కు పోతే అన్నారు. ఒకతను పోయాడు కూడా, ఎయిర్ బైపాస్ రోడ్డులో పెద్ద హోటల్‌కు. మేం అనుభవం సర్టిఫికెట్ రాసిచ్చి పంపాం. మా ఊళ్లోనే స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది, అక్కడ చదివిన పిల్లలు మాలాంటి లాడ్జికి రావడం అరుదు. మాకు వచ్చేది పల్లెల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి చదువు మధ్యలో ఆపేసి వచ్చే పిల్లలు. వాళ్లకు పని నేర్పే చోటు మాలాంటి లాడ్జీలే అయినప్పుడు, ఆ నేర్పడం పద్ధతిగా చేయడమే న్యాయమని మామగారితో చెప్పాను. జీతాలు పెంచడానికి ఆయన ఒప్పుకున్నారు. బట్టలు ఉతికే పెద్దావిడకు అందరికన్నా ఎక్కువ పెంచాం.

బ్రహ్మోత్సవాలకు ముందు మేడమ్‌ను మళ్లీ పిలుస్తున్నాం. ఈసారి రాత్రి పదింటికి, వాచ్‌మన్లతో, రాత్రి కౌంటర్ వాళ్లతో మొదలుపెడతారు. ఒడియా వచ్చిన ఒక టీచరును కూడా వెంట తెస్తానన్నారు. ఫస్ట్ ఎయిడ్‌కు వేరే మనిషిని నేనే వెతుకుతున్నాను. బొమ్మతో నేర్పేవాళ్లు తిరుపతిలో మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి.